బడి మార్కులు బజారులో, పంతులుగారి పట్టా బీరువాలో

1845లో బోస్టన్ నగరంలోని గ్రామర్ స్కూళ్ల మీదికి ఒక తనిఖీ బృందం చెప్పాపెట్టకుండా వచ్చిపడింది. వాళ్ల చేతుల్లో అచ్చేసిన ప్రశ్నపత్రాలున్నాయి. అప్పటిదాకా అక్కడ పరీక్షంటే ఏడాదికోసారి జరిగే వేడుక. ఊరిపెద్దలు వచ్చి కూర్చుంటే, హెడ్మాస్టరు తనకి నమ్మకమున్న పిల్లల్ని లేపి తనకి నచ్చిన ప్రశ్నలు అడిగేవాడు. వాళ్లు గడగడా అప్పజెప్పేవాళ్లు. పెద్దలు తలలూపి ఇళ్లకి వెళ్లిపోయేవాళ్లు. ఈసారి ఆ పప్పులు ఉడకలేదు. అందరికీ అవే ప్రశ్నలు, జవాబులు కాగితం మీద రాయాలి.

ఫలితాలు చూసి బృందమే బిత్తరపోయింది. సరైన జవాబులు మూడోవంతు కూడా లేవు. అధ్యక్షుడు జెఫర్సన్ హయాంలో ఓడల వ్యాపారం మీద నిషేధం ఎప్పుడు పడిందో రాయగలిగిన పిల్లల్లో చాలామందికి అసలు నిషేధమంటే ఏమిటో తెలియదు. ఏ బడికి ఎన్ని మార్కులొచ్చాయో పట్టికలు వేసి నివేదిక అచ్చేశారు. బడి పనితనం అంకెల రూపంలో జనం ముందుకి రావడానికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

దీని వెనక ఇద్దరు స్నేహితులున్నారు. ఒకరు బోస్టన్ అంధుల పాఠశాల నడిపే డాక్టర్ శామ్యూల్ గ్రిడ్లీ హౌ. రెండోవారు 1837 నుంచీ మసాచుసెట్స్ విద్యామండలి కార్యదర్శిగా ఉన్న హొరేస్ మాన్. మాన్ 1843లో యూరప్ వెళ్లొచ్చి ప్రష్యా బడుల్ని తెగ పొగిడితే, బోస్టన్‌లోని 31 మంది పంతుళ్లకి ఒళ్లు మండి, ఆయన్ని దుయ్యబడుతూ ఏకంగా పుస్తకమే వేశారు. ఏడాది తిరక్కుండా ఈ పరీక్ష వచ్చింది. రాసింది పిల్లలే, గురి మాత్రం పంతుళ్ల మీద. బడి మార్కులతో పెద్దవాళ్లు లెక్కలు తేల్చుకోవడం అమెరికాలో ఆనాడే మొదలైంది.

ఆ తర్వాతి కథ అర్థం కావాలంటే ఈ దేశపు బడుల ఏర్పాటు కొంత తెలియాలి. మన దగ్గర బడి మీద ఎంఈవో, ఆయన మీద డీఈవో, ఆ పైన కమిషనరు, మంత్రి ఉంటారు. అమెరికా రాజ్యాంగంలో చదువు అన్న ఊసే లేదు. అది రాష్ట్రాల పని. రాష్ట్రాలు దాన్ని ఊళ్ల చేతుల్లో పెట్టాయి. దేశం మొత్తం మీద సుమారు 13,000 స్కూలు డిస్ట్రిక్టులున్నాయి. చాలాచోట్ల ఊరివాళ్లు ఓట్లేసి బోర్డుని ఎన్నుకుంటారు, ఇంటిపన్నులోంచి బడికి డబ్బు కడతారు. కట్టేవాడు లెక్క అడగడం సహజం. ఆ లెక్కల కోసమే 1867లో వాషింగ్టన్‌లో ఒక విద్యాశాఖ పెట్టారు. పెత్తనం చెయ్యకూడదు, గణాంకాలు సేకరించాలి, అంతే దాని పని. అదీ ఎక్కువైపోయిందని రెండేళ్లలోపే దాన్ని చిన్న కార్యాలయంగా కుదించేశారు. మంత్రి ఉండే పూర్తిస్థాయి శాఖ మళ్లీ కార్టర్ హయాంలో, 1979 నాటి చట్టంతో గానీ రాలేదు.

మరి పాఠం చెప్పేవాళ్ల అర్హత ఎవరు చూసేవాళ్లు? పాతకాలంలో ఊరి కమిటీయో, చర్చి పాస్టరో నాలుగు ప్రశ్నలడిగి సరేననుకుంటే చాలు. మన దగ్గర పేద విద్యార్థులు వారాలు చేసుకున్నట్టు, చాలా ఊళ్లలో పంతులే పిల్లల ఇళ్లలో వంతులవారీగా తిని పడుకునేవాడు. ఆ పంతులికి ఏం వచ్చో ఏం రాదో తల్లిదండ్రులకి భోజనాల దగ్గరే తెలిసిపోయేది. అమెరికాలో ఉపాధ్యాయ శిక్షణకి మొట్టమొదటి ప్రభుత్వ పాఠశాల కూడా మాన్ చలవే. 1839 జులై 3న లెక్సింగ్టన్‌లో దాని తలుపులు తెరిస్తే, మొదటిరోజు చేరింది ముగ్గురు అమ్మాయిలు. ఇరవయ్యో శతాబ్దంలో లైసెన్సు ఇచ్చే అధికారం క్రమంగా ఊరి నుంచి రాష్ట్రానికి పోయింది. దాంతో అర్హతలు పెరిగాయి. పంతులు ఇంట్లో మనిషి కాకుండా పోయాడు, ఆయన పట్టా ఏదో ఆఫీసు బీరువాలోకి చేరింది.

కేంద్రం బడుల మీద గట్టిగా డబ్బు పెట్టింది 1965లో. యువకుడిగా టెక్సస్‌లోని కోటుల్లాలో మెక్సికన్ పేద పిల్లలకి పాఠాలు చెప్పిన లిండన్ జాన్సన్, అధ్యక్షుడయ్యాక తన చిన్ననాటి టీచరుని పక్కన కూర్చోబెట్టుకుని ఆ డబ్బిచ్చే చట్టం మీద సంతకం చేశారు. పేద పిల్లలున్న బడులకి నిధులిచ్చే దాని మొదటి భాగాన్నే టైటిల్ వన్ అంటారు. ఆ సొమ్ము పిల్లలకి ఏం చేసిందో బడులు లెక్క చెప్పాలన్న షరతు కోసం పట్టుబట్టింది సెనేటర్ రాబర్ట్ కెనడీ. మరుసటేడు జేమ్స్ కోల్‌మన్ నివేదిక వచ్చింది. లక్షలాది పిల్లల్ని పరిశీలించి అది తేల్చిన మాట చాలామందికి మింగుడుపడలేదు. పిల్లల మార్కుల్లో తేడాలకి బడి వసతుల కన్నా ఇంటి పరిస్థితే పెద్ద కారణమంది. అంటే బడి మార్కుల్లో సగం మాట తల్లిదండ్రుల జీతం గురించే!

అయినా అంకెల మోజు తగ్గలేదు. 1984లో విద్యామంత్రి టెరెల్ బెల్ రాష్ట్రాలన్నిటినీ పక్కపక్కన పెట్టి ఒక గోడపత్రం విడుదల చేశారు. 1988లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతి బడీ ఏటా రిపోర్టు కార్డు వెయ్యాలన్న చట్టాన్ని గెలిపించారు. 1999లో ఫ్లోరిడా బడులకి ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ దాకా గ్రేడ్లిచ్చింది. ఇవన్నీ కలిసి 2002 జనవరి 8న జార్జ్ బుష్ సంతకం చేసిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టమయ్యాయి. 3 నుంచి 8 తరగతుల దాకా ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్ష పెట్టాలి. 2014కల్లా ప్రతి పిల్లవాడూ గట్టెక్కాలి. బడి సగటు వెనక దాక్కోకుండా నల్లజాతి పిల్లలవి, పేదలవి, వైకల్యమున్నవాళ్లవి, ఇంగ్లీషు అప్పుడే నేర్చుకుంటున్నవాళ్లవి ఫలితాలు విడివిడిగా చూపాలి. ఈ చివరి షరతు ఆ చట్టం చేసిన నిజమైన మేలు. అప్పటిదాకా మంచి బడిగా చలామణీ అయిన చోట్ల కూడా ఎవరు వెనకబడ్డారో బయటపడింది.

ఆ చట్టంలోనే మరో చిన్న నిబంధన ఉంది. టైటిల్ వన్ డబ్బు తీసుకునే బడిలో చదివే ప్రతి పిల్లవాడి ఇంటికీ ఏడాది మొదట్లో కబురు వెళ్లాలి. టీచరు గురించి అడిగి తెలుసుకునే హక్కు మీకుందని ఆ కాగితం చెబుతుంది. ఈ తరగతికి, ఈ సబ్జెక్టుకి ఆయనకి రాష్ట్ర లైసెన్సు ఉందా? లేక మనుషులు దొరక్క ఇచ్చిన తాత్కాలిక అనుమతి మీద నెట్టుకొస్తున్నారా? డిగ్రీ దేంట్లో చేశారు? పక్కన సాయానికి ఉండే ఆయా లాంటి సహాయకురాలికి ఏం అర్హత ఉంది? ఇవీ అడగదగిన ప్రశ్నలు. అర్హత లేని టీచరు వరసగా నాలుగు వారాలు పాఠం చెబితే, అడక్కపోయినా బడే ఉత్తరం రాయాలి. వీలైనంతవరకు తల్లిదండ్రులకి అర్థమయ్యే భాషలో రాయాలి. 2015లో ఒబామా హయాంలో పాత చట్టం పోయి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం వచ్చినా ఈ హక్కు చాలావరకు నిలిచింది, డిగ్రీ దేంట్లో చేశారన్న ప్రశ్న మాత్రం జాబితాలోంచి పోయింది.

అంకెల సంగతే చెడింది. పాసు మార్కు ఎంతో తేల్చుకునే పని రాష్ట్రాలకే వదిలేశారు కాబట్టి కొన్ని రాష్ట్రాలు గీతని నేలకి దించేశాయి. 2005లో మిసిసిపి తన నాలుగో తరగతి పిల్లల్లో 89 శాతం మంది చదవడంలో సమర్థులని ప్రకటించుకుంది. నేప్ అనే జాతీయ పరీక్ష లెక్కన ఆ సంఖ్య 18 శాతం. అట్లాంటాలో ఇంకా ఘోరం జరిగింది. మార్కులు పెరిగాయని అక్కడి సూపరింటెండెంట్ బెవర్లీ హాల్‌కి 2009లో జాతీయ పురస్కారం ఇచ్చారు. 2011లో రాష్ట్ర దర్యాప్తు నివేదిక వచ్చింది. తప్పు జవాబులు చెరిపి ఒప్పులు దిద్దడం లాంటి అక్రమాల్లో 44 బడుల్లో 178 మంది పాత్ర ఉందని అందులో తేలింది. కొన్ని బడుల్లో టీచర్లు ఒక్కచోట చేరి మరీ దిద్దారు. కోర్టు విచారణ దాకా వెళ్లిన 12 మందిలో 11 మందికి 2015లో శిక్ష పడింది.

బడుల అంకెలతో సరిపెట్టుకోక టీచర్ల అంకెలూ బజారుకెక్కాయి. 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక సుమారు 6,000 మంది ప్రాథమిక టీచర్ల పేర్లతో సహా రేటింగులు వేసింది. పిల్లల మార్కులు ఏటా ఎంత పెరిగాయో చూసి సూత్రం కట్టి లాగిన లెక్క అది. 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్ నగరం దాదాపు 18,000 మందివి బయటపెట్టింది. ఆ పట్టికలో లెక్కల టీచరు స్థానం నూటికి 35 మెట్లు, ఇంగ్లీషు టీచరుది 53 మెట్లు అటూ ఇటూ అయ్యే అవకాశం ఉందని విడుదల చేసినవాళ్లే ఒప్పుకున్నారు. అంటే నడి వరసలో కనిపించే ఇంగ్లీషు టీచరు నిజానికి అట్టడుగునైనా ఉండొచ్చు, అగ్రానైనా ఉండొచ్చు. టీచర్లని కొలవాలని కోట్లు ఖర్చుపెట్టిన బిల్ గేట్స్ కూడా ఇలా పరువు తియ్యడం తప్పని రాశారు. ఆ వేసవిలోనే న్యూయార్క్ రాష్ట్రం దారి మార్చింది. తమ పిల్లలకి చెప్పే టీచరు రేటింగు తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవచ్చు, ఊరందరికీ మాత్రం చూపకూడదని చట్టం చేసింది.

ఈ కథలో తెలుగువాళ్లు ఎక్కడ తగులుతారంటే ఇల్లు కొనే దగ్గర. డాలస్ పక్కన ఫ్రిస్కో అయినా, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అయినా, న్యూజెర్సీలో ఎడిసన్ అయినా, బేరానికి ముందు వెతికేది ఆ వీధి ఏ బడి కిందికి వస్తుందో, ఆ బడికి పదికి ఎంతో. 1998లో మొదలైన గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఇచ్చే ఆ అంకె ఇళ్ల అమ్మకపు ప్రకటనల పక్కనే కనిపిస్తుంది. పేపరు నిండా ర్యాంకుల ప్రకటనలు చూసి పెరిగిన కళ్లకి అది బాగా పరిచయమున్న లిపి. సాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో బోస్టన్ శివారు ఇళ్ల ధరల్ని పరిశీలించారు. రెండు బడుల సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న ఇళ్లని పోల్చి చూస్తే, బడి మార్కులు 5 శాతం ఎక్కువున్న వైపు ఇంటికి సుమారు రెండున్నర శాతం ధర ఎక్కువ పలికింది. మార్కులకి తగ్గట్టు ఇళ్ల ధరలు, ధరలకి తగ్గట్టు జీతగాళ్లు, జీతాలకి తగ్గట్టు మళ్లీ మార్కులు. కోల్‌మన్ 1966లో చెప్పినదాన్నే రియల్ ఎస్టేట్ ఏజెంట్లు వ్యాపారం చేసుకున్నారు.

ఇందులో ఒక తిరకాసుంది. పదికి తొమ్మిదో పదో వచ్చే బడుల్లో పేద పిల్లలు తక్కువ, కాబట్టి చాలావాటికి టైటిల్ వన్ డబ్బు రాదు. డబ్బు రాకపోతే టీచరు గురించి అడగొచ్చని చెప్పే ఆ ఉత్తరమూ రాదు. ఉత్తరం అందుకునే తల్లిదండ్రుల్లో చాలామందికి వేరే వీధిలో ఇల్లు కొనే తాహతు లేదు. కొనగలిగినవాళ్లు అంకె చూసి కొనేశాక, తరగతి గదిలో నిలబడ్డ మనిషి గురించి అడగాలన్న ఊహే వాళ్లకి రాదు. ఇది అమెరికా వచ్చాక అబ్బిన గుణమేమీ కాదు. టెట్ పాసై, డీఎస్సీలో నెగ్గి వచ్చిన సర్కారు టీచరుని కాదని, పాఠం చెప్పేవాళ్లు ఏం చదివారో చెప్పని ప్రైవేటు బడికి ఫీజు కట్టడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. 2009 నాటి విద్యాహక్కు చట్టం టీచరుకి కనీస అర్హతలు ఉండాలని ప్రైవేటు బడులకీ చెప్పింది. అడ్మిషన్ రోజున దాని గురించి అడిగే తండ్రి ఎక్కడో గానీ దొరకడు.

కొవిడ్ తర్వాత ఆ ప్రశ్న అమెరికాలో మరీ అవసరమైపోయింది. టీచర్లు దొరక్క రాష్ట్రాలు తలుపులు బార్లా తెరిచాయి. 2022లో ఆరిజోనా డిగ్రీ ఇంకా పూర్తికానివాళ్లకి శిక్షణలో ఉంటూనే పాఠం చెప్పే దారి వేసింది. అదే ఏడు ఫ్లోరిడా, డిగ్రీ లేకపోయినా కొంత కాలేజీ చదువున్న మాజీ సైనికులకి ఐదేళ్ల తాత్కాలిక లైసెన్సు ఇస్తామంది. టెక్సస్‌లో 2023–24లో కొత్తగా చేరినవాళ్లలో సుమారు మూడోవంతు మందికి లైసెన్సు లేదు. తగిన లైసెన్సు లేని మనిషి 30 పనిదినాలకి మించి పాఠం చెబితే ఇంటికి ఉత్తరం రాయాలని టెక్సస్‌కి సొంత చట్టమే ఉంది. 2015లో తెచ్చిన మరో వెసులుబాటు వాడుకుని చాలా డిస్ట్రిక్టులు ఆ నిబంధన నుంచి తప్పుకున్నాయి. చివరికి 2025లో శాసనసభే కలగజేసుకుని, ముఖ్యమైన సబ్జెక్టుల్లో లైసెన్సు లేనివాళ్లని క్రమంగా తగ్గించాలని చట్టం చేసింది.

అదే 2025లో వాషింగ్టన్‌లో లెక్కల ఆఫీసు ఖాళీ అయింది. మార్చిలో ట్రంప్ ప్రభుత్వం విద్యాశాఖ ఉద్యోగుల్ని దాదాపు సగానికి తగ్గించింది. 1867 నుంచి వస్తున్న గణాంకాల పని చూసే విభాగంలో గుప్పెడుమంది మిగిలారు. ఏప్రిల్‌లో నేప్ పాలకమండలి ముందుముందు జరగాల్సిన పరీక్షల్లో డజనుకి పైగా రద్దు చేసింది. చట్టం తప్పనిసరి చేసిన 4, 8 తరగతుల చదవడం, లెక్కల పరీక్షలు మాత్రం మిగిలాయి. ఏదైనా రాష్ట్రం మళ్లీ 89 అని చెప్పుకుంటే, కాదు 18 అనడానికి మిగిలిన తూకం అదొక్కటే. రాష్ట్రాల రిపోర్టు కార్డులు, టైటిల్ వన్ బడుల ఉత్తరాలు 2015 చట్టం ఉన్నంతకాలం ఆగకూడదు. టీచరు లైసెన్సుల చిట్టా మాత్రం ముందునుంచీ వాషింగ్టన్‌లో లేదు, రాష్ట్రాల దగ్గరే ఉంది. కాలిఫోర్నియా, టెక్సస్ ఆ చిట్టాని ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచే ఉంచాయి. టీచరు పేరు కొడితే ఏ తరగతులకి, ఏ సబ్జెక్టుకి, ఎప్పటిదాకా లైసెన్సు ఉందో కనిపిస్తుంది. బడి టైటిల్ వన్‌దా కాదా అని అది అడగదు.