పిపెట్ నుంచి ఆటో అనలైజర్ దాకా

1968లో నేను ఆస్పత్రి ల్యాబులో చేరిన రోజున చేతికిచ్చింది గాజు పిపెట్. సీరమైనా, ఆమ్లమైనా నోటితో పీల్చి, గీత దగ్గరికి రాగానే చూపుడువేలితో పైన మూసి, టెస్ట్‌ట్యూబులోకి వదలాలి. ఏమాత్రం ఏమరినా నోట్లోకి వచ్చేది. మా సీనియరు ఒకాయన కామెర్లతో మూడు నెలలు మంచాన పడ్డారు. పిపెట్ వల్లనే వచ్చిందని రుజువేమిటని పైవారు అడిగారు. రుజువెక్కడ తెస్తారు? అర్ధజీతపు సెలవు కిందే రాసేశారు.

విచిత్రమేమంటే, దీనికి విరుగుడు అప్పటికే పదకొండేళ్ల కిందట పుట్టింది. 1957లో పశ్చిమ జర్మనీలోని మార్బుర్గ్‌లో హైన్రిష్ ష్నిట్గర్ అనే పరిశోధకుడు, నోటితో పీల్చే బాధ పడలేక, స్ప్రింగూ పిస్టనూ గల పిపెట్ తయారుచేశారు. బొటనవేలితో నొక్కి వదిలితే చాలు. ద్రవం ప్లాస్టిక్ మొనలోనే ఆగుతుంది, పిస్టన్‌ను తాకదు. పాపం, 1964లోనే ఆయన నీటమునిగి చనిపోయారు.

అదే 1957లో అమెరికాలో టెక్నికాన్ కంపెనీ ఆటో అనలైజర్‌ను అమ్మకానికి పెట్టింది. దాని సృష్టికర్త క్లీవ్‌లాండ్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో పనిచేసిన లెనార్డ్ స్కెగ్స్. ఆయన చేయించిన పని నాకిప్పటికీ ముచ్చటే. రోలర్లు ప్లాస్టిక్ గొట్టాలను నొక్కుతూ పోతే సీరమూ, రసాయనాలూ వాటంతటవే ముందుకు సాగుతాయి. ఏది ఎంత కలవాలన్నది గొట్టాల లావును బట్టే. మరి ఒక రోగి సీరం తర్వాతివారి దాంట్లో కలవదా? అందుకే మధ్యమధ్య గాలిబుడగలు వదిలారు. ఆ బుడగ గొట్టం గోడను తుడుచుకుంటూ పోతుంది. చివర రంగు కొలిచి, పెన్ను కాగితంమీద గీత గీస్తుంది. తరవాత వచ్చిన ఎస్.ఎం.ఎ. 12/60 సంగతి పేరులోనే ఉంది: ఒక్కో శాంపిలుకు 12 పరీక్షలు, గంటకు 60 శాంపిళ్లు.

మా ల్యాబుకు యంత్రం 1980ల చివరికి గాని రాలేదు. అప్పటికి బుడగల పద్ధతి వెనకబడింది. మాకొచ్చినదాంట్లో స్టీలు సూది ఒక్కో కప్పులోకి దిగి, కావలసినంత పీల్చి, కడుక్కుని పక్కదానికి వెళ్లేది. ఆ సీనియరు గారు అప్పటికే రిటైరయ్యారు. పెన్షను కాగితాల పనిమీద వచ్చి, ఆ సూదిని కాసేపు నిలబడి చూశారు.

"దీనికి కామెర్లొస్తే ఎవరి సెలవు కోస్తారోయ్?" అన్నారు.