మాటను విన్న యంత్రము

మైక్రోఫోను ముందు కూర్చుండి మాటలాడుటయే మా వృత్తి. మేము పలికిన పలుకు మీ యింటి రేడియోలో వినబడునే గాని, ఆ రేడియో దాని నెరుగదు. వచ్చిన ధ్వనిని వచ్చినట్లు వెలువరించుటతో దాని పని తీరినది. ధ్వనిని విని, అది యే మాటయో గ్రహించు యంత్రమును నిర్మింప పూనుకొన్న తొలితరమువారిలో ఒకరు మన తెలుగునాటి రైతు కుటుంబమున పుట్టినవారు. వారే శ్రీ దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకము వారిని రాజ్ రెడ్డి యని పిలుచును.

వారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిరి. ఆ కుటుంబమున కళాశాల గడప తొక్కిన మొదటివారు వారే. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టము పొందిరి. చదివినది సివిల్ ఇంజనీరింగు. అవి దేశమున ఆనకట్టల దినములు. నాగార్జునసాగరమునకు శంకుస్థాపన 1955లోనే జరిగినది. అట్టి చదువు గలవానికి స్వదేశముననే పని దొరకియుండెడిది. వారు మాత్రము ఆస్ట్రేలియాకు తరలిరి.

సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున 1956 నుండి యూటెకామ్ అను కంప్యూటరు ఉండెను. మన పాత రేడియోలలో ఎఱ్ఱగా వెలుగుచుండిన వాల్వులవంటివి వేయికి పైగా గల యంత్రమది! శ్రీ రెడ్డి 1960లో అచట ఎం.టెక్. ముగించి, మూడేండ్లు ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసి, 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యార్థిగా చేరిరి.

ఆనాటి పరదేశ విద్యార్థి స్థితిని మనము కొంచెము తలచుకొనవలెను. 1946 నాటి అమెరికా శాసనము ప్రకారము భారతదేశమునుండి స్థిరనివాసమునకు లభించు వాటా ఏటికి నూరు మంది మాత్రమే. విద్యార్థులు ఆ లెక్కలోనికి రారు. కాని చదువు ముగిసిన పిమ్మట నిలువ నీడ దొరకునన్న భరవసా లేదు. 1965లో వచ్చిన క్రొత్త శాసనము ఆ వాటాల పద్ధతికి స్వస్తి చెప్పినది. మరుసటి యేడే శ్రీ రెడ్డి డాక్టరేటు పొందిరి. ఈనాడు మన యిండ్ల పిల్లలు కోరుకొను సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగునకు అప్పటికి ఆ పేరైనను స్థిరపడలేదు. 1968లో జర్మనీ దేశపు గార్మిష్‌లో జరిగిన సదస్సుతోనే ఆ మాట వ్యాప్తికి వచ్చినది.

వారి గురువు జాన్ మెకార్తీ, కృత్రిమ మేధ అను శాస్త్రమునకు పేరు పెట్టినవాడు. శిష్యుడు చేపట్టిన విషయము మాటల ధ్వనితరంగము. ఇందలి చిక్కు తెలుగువారికి చెప్పనక్కరలేదు. "వాడెక్కడున్నాడు" అన్నప్పుడు చెవికి వినబడునది ఒకే మాట, ఉన్నవి మూడు. సంధి యెచట విడదీయవలెనో మనకు తల్లి నేర్పినది. యంత్రమునకు నేర్పువా రెవరు?

1969లో శ్రీ రెడ్డి పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు వెడలిరి. అచట వారి బృందము నిర్మించిన హియర్సే అను ప్రోగ్రాము నోట చెప్పిన చదరంగపుటెత్తులను గ్రహించెను. దాని తరువాతి రూపములో ధ్వని నెరిగిన భాగము, పదముల నెరిగిన భాగము, వాక్యము నెరిగిన భాగము వేర్వేరుగా నుండి, తమ తమ ఊహలను ఒకే నల్లబల్లపై వ్రాసికొనును. రచ్చబండ తీర్పు వంటి దీ యేర్పాటు మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. 1976 నాటికి హార్పీ అను మరియొక ప్రోగ్రాము 1,011 పదముల పరిధిలో పలికిన వాక్యములను గుర్తించెను. వేయి పదములు! మా వార్తల బులెటిను ఒక్కదానికి అవి చాలవు. అయినను బడి పిల్లవానికి ఓనమాలు దిద్దించిన నాటి ఆనందము వారికి కలిగియుండును.

1994లో వారికి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ పురస్కారము లభించినది. పురస్కారముల మాట అటుంచి, పల్లె పిల్లల చదువునకు వారు చేసిన పనిని చెప్పవలెను. హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి తొలి అధ్యక్షులు వారే. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయమునకు తొలి ఛాన్సలరు కూడ వారే. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ప్రారంభమైన ఆ కళాశాలలలో పదవ తరగతి ముగించిన పల్లె పిల్లలు చేరి, ఆరేండ్లు అచటనే నివసించి ఇంజనీర్లగుదురు. కంప్యూటరును చూచుటకు వారు సిడ్నీ పోనక్కరలేదు.