బంబూఫ్లాట్: ఫెర్రీ వేళలే ఊరి గడియారం

దక్షిణ అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్ హార్బర్‌కు ఉత్తర ఒడ్డున ఉన్న చిన్న పట్టణం బంబూఫ్లాట్. 2011 జనగణన నాటికి జనాభా సుమారు 8 వేలు. ఇక్కడ కాపురం ఉంటూ, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో పని చేసుకునే కుటుంబాలు చాలానే ఉన్నాయి. గోల్ ఘర్‌లో కొలువైనా, అబర్దీన్ బజార్‌లో బేరమైనా ముందు చాతమ్ జెట్టీకి ఫెర్రీ ఎక్కాల్సిందే.

నీటి మీద ఇది కొద్ది నిమిషాల ప్రయాణం. రోడ్డు మార్గాన వెళ్లాలంటే మాత్రం ఫెరార్‌గంజ్ మీదుగా చుట్టూ తిరగాలి. అందుకే గాలివానకు ఫెర్రీ ఆగిపోతే, ఎదుటి ఒడ్డున ఉన్న జీబీ పంత్ ఆస్పత్రి కూడా దూరాభారమే అవుతుంది. వంతెన మాట ఎప్పటినుంచో వినిపిస్తోంది.

జనగణన దీన్ని పట్టణంగా లెక్కిస్తుంది. పాలన మాత్రం పంచాయతీది. ద్వీపాల్లో ఉన్న ఏకైక మునిసిపాలిటీ పరిధి అవతలి ఒడ్డుకే పరిమితం. అయినా నగరానికి ఈ ఊరి అవసరం తక్కువేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన సూర్యచక్ర పవర్ కార్పొరేషన్ 20 మెగావాట్ల డీజిల్ విద్యుత్ కేంద్రాన్ని పెట్టింది ఇక్కడే. 2021లో మౌంట్ మణిపూర్‌గా పేరు మార్చిన మౌంట్ హ్యారియెట్‌కు దారి కూడా ఇటే.

అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. రేవు దాటే ఫెర్రీలో బెంగాలీ, తమిళం, మలయాళాలతో పాటు మన మాటా వినిపిస్తుంది.