ఒక పారశీక వాక్యం – మన రైతు

భాష నేర్చుకోవటానికి వ్యాకరణమంతా వల్లెవేయనక్కరలేదు. సరైన వాక్యమొకటి దొరికినా దాని స్వభావం తెలుస్తుంది. నాగపూరు రహదారి మీద మేడ్చల్‌కు పక్కనున్న కండ్లకోయ వంటి వూళ్ల చరిత్రకు సరిపోయే పారశీక వాక్యం ఒకటి తీసుకుందాం: "రయ్యత్ జమీనె సర్కార్ రా మీకారద్." రైతు సర్కారు భూమిని సాగుచేస్తాడు అని అర్థం.

కర్త, కర్మ, క్రియ: పదక్రమం అచ్చంగా తెలుగుదే. "రా" మన ద్వితీయా విభక్తి "ని" చేసే పనే చేస్తుంది. "మీకారద్"లో "కార్" విత్తటాన్ని తెలిపే ధాతువు. "మీ" జరుగుతున్న పనికి గుర్తు. "అద్" ప్రథమ పురుష ఏకవచన ప్రత్యయం. ఆ క్రియకు స్త్రీపురుష భేదం లేదు. విత్తేది ఎవరైనా రూపమొక్కటే. దాని భూతకాల రూపం "కాష్త్". అదే మన పహాణీలోని కాస్తు.

రైతు, జమీను, సర్కారు, కాస్తు: ఈ మాటలు చదువురాని రైతు నోట ఏనాడో వున్నాయి. అయినా ఆ భాష అతనికి ఎందుకు అందలేదు? కష్టమైనది కావటం వల్ల కాదు, కచేరీ సొత్తు కావటం వల్ల.

గోల్కొండ కుతుబ్ షాహీలు (1518–1687) కొన్ని ఫర్మానాలను పారశీకంతోపాటు తెలుగులోనూ జారీచేశారు. ఆసఫ్ జాహీల కాలంలో ప్రధాన అధికార భాష పారశీకమే. 1880వ దశకంలో ఆ స్థానం వుర్దూకు దక్కింది. భాష మారినా జమాబందీ, తహసీలు, దస్తావేజు, ఫిర్యాదు కదలలేదు. రైతు కచేరీ ముందు చేతులు కట్టుకొని నిలబడటమూ మారలేదు.

మన వాక్యంలో అన్నిటికన్నా చిన్నది "జమీనె"లోని ఎకారం. దీన్ని ఇజాఫత్ అంటారు. ఒక నామాన్ని మరొక నామానికి ముడివేస్తుంది. తెలుగులో యజమాని ముందు, వస్తువు తరువాత. పారశీకంలో వస్తువే ముందు. మేడ్చల్ వుండిన జిల్లా అత్రాఫె బల్దా, అంటే నగర పరిసరాలు. అది సర్ఫె ఖాస్, అంటే నిజాము సొంత ఖర్చుకు కేటాయించిన ప్రాంతం. 1949లో సర్ఫె ఖాస్ ప్రభుత్వంలో విలీనమయ్యేదాకా యిక్కడి రైతు చెమట ఆ చిన్న ఎకారం మీదుగానే రాజు ఖజానాకు చేరింది. వాక్యంలో కర్త రైతే; ముడి మాత్రం సర్కారుతో.

రయ్యత్ అరబ్బీ మూలంలో కాపరి మేపే మంద. దానినుంచే పాలితులన్న అర్థం వచ్చింది. పాలకులు మందకు పెట్టిన పేరును తెలుగు ప్రజలు దున్నేవాడి గౌరవనామంగా మార్చుకున్నారు. "కృషీవలుడు" రాసిన దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చి ఖయ్యాంను "పానశాల"గా తెలిగించాడు. కాబట్టి తప్పు భాషది కాదు. దాన్ని తాళంగా వాడిన అధికారానిది.

1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది. కాస్తు గడి సాగుచేసేవాడికి సాక్ష్యమయింది. 2020లో వచ్చిన ధరణిలో ఆ గడి లేకుండా పోయింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. వలయ రహదారి పక్కన పొలాలు ప్లాట్లవుతున్న కండ్లకోయలో యిది వ్యాకరణ చర్చ కాదు, బతుకు ప్రశ్న. "జమీనె" ఎవరిదో రాసి "మీకారద్"ను వదిలేసిన రికార్డు క్రియ లేని వాక్యం. భూమి ఎవరి పేర వున్నదని అడిగే ప్రతిచోటా, దాన్ని ఎవరు విత్తుతున్నారని కూడా అడగటం మనం మన విద్యార్థులకు నేర్పవలసిన మొదటి పాఠం.