ఇంటర్నెట్ కనెక్షన్ బదిలీ

ఇంటర్నెట్ కనెక్షన్ బదిలీ అనగా చందాదారుడు ఇల్లు మారినపుడు పాత చిరునామాలోని ఇంటర్నెట్ సేవను అదే ఖాతాపై కొత్త చిరునామాకు మార్పించుకొనుట. వాడుకలో దీనిని షిఫ్టింగ్ అంటారు. పేరుకు బదిలీయే అయినా నిజానికి మారేది ఖాతా మాత్రమే. తీగ పాత ఇంటివద్దనే ఉండిపోతుంది, కొత్త ఇంటికి వేరొక లైను వేయవలసి ఉంటుంది. బదిలీలో జరిగే జాప్యానికి ముఖ్యకారణం ఇదే.

సాంకేతిక కారణాలు

భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్ (బి.ఎస్.ఎన్.ఎల్.) 2005 జనవరిలో ప్రారంభించిన బ్రాడ్‌బ్యాండ్ సేవ టెలిఫోను రాగితీగల ద్వారా అందేది. ఇటువంటి కనెక్షన్ (ఏ.డి.ఎస్.ఎల్.) మారాలంటే కొత్త ఇంటికి సమీపాన ఖాళీ తీగల జత, ఆ ప్రాంతపు ఎక్స్ఛేంజిలో ఖాళీ పోర్టు రెండూ ఉండాలి. ఎక్స్ఛేంజి నుండి దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది.

ఆప్టికల్ ఫైబర్ విధానంలో ఎక్స్ఛేంజి వైపునుండి వచ్చే ఒక పోగును స్ప్లిట్టర్ అనే పరికరం పలు ఇళ్ళకు పంచుతుంది. కొత్త వీధిలో స్ప్లిట్టర్ లేకపోయినా, ఉన్నదానిలో ఖాళీ లేకపోయినా పని ఆగిపోతుంది. ఇంటిలోని మోడెమ్ సంఖ్య సంస్థ పరికరాలలో నమోదై ఉంటుంది. కనుక పాత మోడెమ్‌ను తీసుకువెళ్ళి తగిలించినంత మాత్రాన సేవ మొదలు కాదు. పాత నమోదును తొలగించి కొత్తచోట మరల నమోదు చేయాలి.

వరంగల్ ఉదాహరణ

వరంగల్‌లోని కొత్తవాడ జంపఖానాల (దర్రీల) నేతకు ప్రసిద్ధి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. కొత్తవాడ నుండి ఒక కుటుంబం హనుమకొండకు మారితే అది ఒకే నగరంలో జరిగిన మార్పే. ఎస్.టి.డి. కోడ్ రెండుచోట్లా 0870. కాని 2021లో జిల్లాల పునర్విభజన తరువాత ఈ రెండు ప్రాంతాలు వేర్వేరు జిల్లాలలో ఉన్నాయి. ఇంటర్నెట్ విషయంలో నగరం, జిల్లా, కోడ్ ఏవీ ముఖ్యం కావు. కొత్త ఇల్లు ఏ ఎక్స్ఛేంజి పరిధిలో ఉన్నది, ఆ వీధి వరకు లైను ఉన్నదా అన్నవే ముఖ్యం.

నిబంధనలు

1997లో ఏర్పడిన భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) సేవల నాణ్యతకు ప్రమాణాలను నిర్ణయిస్తుంది. 2005 నాటి నిబంధనల ప్రకారం టెలిఫోను బదిలీ దరఖాస్తులలో 95 శాతం 3 రోజులలో పూర్తి కావలసి ఉండేది. 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ నిబంధనలు కొత్త కనెక్షన్‌కు 15 పనిదినాల గడువు విధించాయి. గడువు దాటితే రోజుకు 10 రూపాయల చొప్పున, స్థాపన రుసుముకు మించకుండా, చందాదారునికి జమ చేయవలసి ఉండేది. అయితే బ్రాడ్‌బ్యాండ్ బదిలీకి ఆ నిబంధనలు ప్రత్యేకించి గడువు చెప్పలేదు. అందువలన కొత్తగా చేరినవారికి ఉన్న రక్షణ, ఇల్లు మారిన పాత చందాదారునికి స్పష్టంగా లేకపోయింది. 2006 నాటి నిబంధనల స్థానంలో కొత్త నిబంధనలు 2024 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చాయి.

ప్రభావం

2020లో కోవిడ్ కారణంగా పాఠశాలలు మూతపడి బోధన ఆన్‌లైన్‌కు మారినపుడు ఇంటి ఇంటర్నెట్ చదువుకు అవసరమైన సాధనమైంది. అప్పటినుండి కొద్దిరోజుల జాప్యం కూడా విద్యార్థులకు, ఇంటినుండి ఉద్యోగం చేసేవారికి నష్టం కలిగించేదిగా మారింది. ఇల్లు ఖాళీ చేయుటకు ముందే దరఖాస్తు చేసి, కొత్త చిరునామాలో లైను లభ్యతను తెలుసుకొనుట వలన ఈ నష్టం కొంత తగ్గుతుంది.

ఫిర్యాదులు

2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులకు రెండు అంచెలున్నాయి. మొదట సంస్థ ఫిర్యాదు కేంద్రానికి తెలిపి డాకెట్ సంఖ్య పొందాలి. పరిష్కారం కాకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారిని ఆశ్రయించాలి. వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ స్వయంగా విచారించదు. టెలిఫోను వివాదాలు వినియోగదారుల న్యాయస్థానాల పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 2009లో తీర్పునిచ్చింది. 2022 ఫిబ్రవరి 16న వేరొక కేసులో, టెలికాం సేవల లోపాలపై వినియోగదారులు ఆ న్యాయస్థానాలను ఆశ్రయించవచ్చునని స్పష్టం చేసింది. అటువంటి సందర్భాలలో దరఖాస్తు తేదీ, డాకెట్ సంఖ్య, చెల్లింపు రసీదు ముఖ్యమైన ఆధారాలవుతాయి.