ఫిరంగులు పేల్చకుండానే చరిత్రకెక్కిన ఓడ

హెచ్.ఎం.ఎస్. డ్రెడ్‌నాట్ గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, 1906లో బ్రిటిష్ నౌకాదళంలో చేరిన ఈ ఓడ అంతకుముందు కట్టిన యుద్ధనౌకలన్నిటినీ పాతసామాను చేసి పారేసింది. తర్వాత వచ్చినవాటిని 'డ్రెడ్‌నాట్లు' అనీ, ముందువాటిని 'ప్రీ-డ్రెడ్‌నాట్లు' అనీ పిలవడం మొదలైంది.

అంత గొప్పేముంది అందులో? అప్పటి యుద్ధనౌకలకి మామూలుగా 12 అంగుళాల ఫిరంగులు నాలుగే ఉండేవి, మిగతావన్నీ చిన్నాచితకా. దీనికి ఏకంగా పది! ఆవిరి టర్బైన్లతో నడిచిన మొదటి యుద్ధనౌక కూడా ఇదే, వేగం 21 నాట్లు. 1905 అక్టోబరులో పోర్ట్స్‌మత్‌లో పని మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి ట్రయల్స్‌కి పంపారు.

అసలు పేచీ ఇక్కడే. అప్పటికి అందరికన్నా ఎక్కువ యుద్ధనౌకలున్నది బ్రిటన్‌కే. అంటే పాతబడిపోయినవాటిలో కూడా ఎక్కువ వాళ్ళవే. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నారని అడ్మిరల్ ఫిషర్‌ని సొంత దేశంవాళ్ళే తప్పుబట్టారు. నా మటుకు నాకు ఫిషర్ చేసిందే సబబు. జపాన్, అమెరికా అప్పటికే ఇలాంటి ఓడల ఆలోచనలో ఉన్నాయి. మన సరుకుని మనం పాతది చెయ్యకపోతే పక్కవాడు చేస్తాడు. సాఫ్ట్‌వేర్‌లో రోజూ చూసేదేగా!

సరే, ఇంతా చేసి యుద్ధంలో ఏం సాధించింది? 1915 మార్చి 18న, స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న పెంట్లాండ్ ఫర్త్‌లో, యు-29 అనే జర్మన్ జలాంతర్గామిని ముక్కుతో గుద్ది ముంచేసింది. అందులో ఉన్నవాళ్ళెవరూ బతకలేదు. దాని కెప్టెన్ ఒట్టో వెడిగెన్ 1914 సెప్టెంబరులో ఒకే ఉదయం మూడు బ్రిటిష్ క్రూయిజర్లను ముంచినవాడు. పది పెద్ద ఫిరంగులున్న ఓడ చివరికి గ్రీకుల కాలం నాటి పద్ధతిలో గెలిచిందన్నమాట.

1916లో జట్లాండ్ యుద్ధం జరిగినప్పుడేమో మరమ్మతుల్లో ఉంది. శత్రు యుద్ధనౌక మీద ఆ పెద్ద ఫిరంగులు ఒక్కసారి కూడా పేలలేదు. అప్పటికే 13.5 అంగుళాల, 15 అంగుళాల ఫిరంగులున్న ఓడలొచ్చి, తను మొదలెట్టిన పందెంలో తనే వెనకబడింది. 1921లో తుక్కు కింద అమ్మేశారు.

ఆ పందెం మాత్రం చవగ్గా పోలేదు. 1909లో జర్మనీ భయంతో బ్రిటన్ ఒక్క ఏడాది పద్దులోనే ఎనిమిది పెద్ద ఓడలు కట్టాలని నిర్ణయించింది. అదే ఏడాది బడ్జెట్‌లో కొత్త పన్నులు వేయడానికి వృద్ధాప్య పింఛన్లతో పాటు ఈ ఓడలూ కారణమే. ఫిషర్ నిర్ణయం సరైనదే అని ఇప్పటికీ అంటాను. కాకపోతే దాని బిల్లు కట్టింది ఫిషర్ కాదు, జనం.