పుట్టుకతో రాలేదు, మాస్టారు నేర్పాడు



పోయిన భాగంలో డప్పు గురించి రాశాను. అది చదివిన ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, సంగీతం మనోళ్ల రక్తంలోనే ఉంది" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ మాట వినగానే నాకు మా మావయ్య గుర్తొచ్చాడు. ఈ భాగం ఆ మాట మీదే.

మావయ్య బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. పెళ్లి ఊరేగింపులో అందరికంటే ముందు నడిచేది ఆయన, అందరికంటే చివర అన్నం తినేదీ ఆయనే. చాలా ఊళ్లలో ఆయన విస్తరి పందిరి బయటే. సినిమా పాట రెండుసార్లు వింటే చాలు, మూడోసారి వాయించేసేవాడు. కాగితం మీద స్వరం చదవడం మాత్రం రాదు. ముప్పై ఏళ్లు దాటాక అదీ నేర్చుకోవాలని పట్నంలో ఒక సంగీత పాఠశాలకు వెళ్లాడు. నాకప్పుడు పదేళ్లు, వెంట నేనూ ఉన్నాను. అక్కడి మాస్టారు ఊరు అడిగాడు, ఏ పేట అని అడిగాడు. తర్వాత నవ్వుతూ, "మీకెందుకయ్యా ఇదంతా? మీకు పుట్టుకతోనే వస్తుంది కదా!" అన్నాడు. తిట్టలేదు, గెంటలేదు. పొగిడి పంపించేశాడు. బస్సెక్కేదాకా మావయ్య ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ పొగడ్త మన దేశంలోనే పుట్టలేదని తర్వాత చదువుకుంటే తెలిసింది. అమెరికాలో నల్లజాతి వాళ్ల గురించి తెల్లవాళ్లు అచ్చం ఇదే అన్నారు. వాళ్లకు లయ పుట్టుకతోనే వస్తుందట, జాజ్ నేర్చుకోకుండానే వచ్చేస్తుందట. 1873లో ఫూలే తన 'గులాంగిరి'ని బానిసత్వం మీద పోరాడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. వాళ్లు వేసిన దారినే మనమూ ఆ దేశంలోని నల్లపిల్లల హైస్కూళ్లలోకి ఒకసారి వెళ్లొద్దాం. జాజ్ ఎక్కడ తయారైందో అక్కడ కనిపిస్తుంది.

మొదటి ఊరు అలబామాలోని బర్మింగ్‌హామ్. ఇనుము, ఉక్కు కార్ఖానాల ఊరు. నల్లపిల్లల స్కూలు పేరు ఇండస్ట్రియల్ హైస్కూల్. ఆ పేరులోనే ఉంది, వీళ్లకు చేతిపని నేర్పితే చాలు అని. అక్కడ జాన్ టి. వాట్లీ ప్రింటింగ్ నేర్పేవాడు. అచ్చుపని మాస్టారన్నమాట. 1917లో ఆయనే పిల్లలతో బ్యాండు మొదలుపెట్టాడు. అందరూ 'ఫెస్' అనేవాళ్లు, ప్రొఫెసర్‌కి ముద్దుపేరు. నిమిషం ఆలస్యమైతే ఒప్పుకునేవాడు కాదు. కాగితం చూసి వాయించడం రావాల్సిందే. అందుకే వాట్లీ శిష్యుడంటే పెద్ద పెద్ద బ్యాండ్ల వాళ్లు ధైర్యంగా పనిలో పెట్టుకునేవాళ్లు. ఎర్స్కిన్ హాకిన్స్, సన్ రా అక్కడి నుంచి వచ్చినవాళ్లే.

రెండోది ఓక్లహామా సిటీ, డగ్లస్ హైస్కూల్. మాస్టారు కాదు, మేడమ్. పేరు జెలియా బ్రో. ఆ స్కూలు నుంచి వచ్చిన ఒక ట్రంపెట్ కుర్రాడు 1933లో టస్కెగీకి సంగీతం చదవడానికే వెళ్లాడు. చివరికి రచయిత అయ్యాడు. 'ఇన్విజిబుల్ మ్యాన్' రాసిన రాల్ఫ్ ఎలిసన్ ఆయనే. ఈ మేడమ్ దగ్గర మనం ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ఆమె స్కూల్లో జాజ్‌ని రానివ్వలేదు. పిల్లలు శాస్త్రీయ సంగీతమే నేర్చుకోవాలంది. అదే మనిషికి ఊళ్లో ఆల్డ్రిడ్జ్ థియేటర్‌లో వాటా ఉంది. అక్కడి స్టేజీ మీద మాత్రం బ్లూస్, జాజ్ కళాకారులను ఆడించేది. పగలు వద్దన్నది రాత్రి తానే చూపించేది. మన ఇళ్లలోనూ ఇదే గొడవ కదా? డప్పు వెట్టిచాకిరీ గుర్తు, వదిలేద్దాం అన్నవాళ్లు మనవాళ్లే. 1994లో దండోరాతో అదే డప్పును భుజాన వేసుకుని రోడ్డెక్కిందీ మనవాళ్లే. ఇద్దరిదీ ఆత్మగౌరవమే.

మూడోది షికాగో. డ్యూసేబుల్ హైస్కూల్, అంతకు ముందు వెండెల్ ఫిలిప్స్. అక్కడ 1930ల మొదట్లో చేరి 1960ల మొదలు దాకా నేర్పినవాడు వాల్టర్ డయెట్. చదువుకున్న వయొలిన్ కళాకారుడు. నేషనల్ గార్డ్ నల్లజాతి రెజిమెంట్ బ్యాండు నడిపాడు, అందుకే 'కెప్టెన్ డయెట్'. యాభై మంది వాయిస్తుంటే ఒక్కడి తప్పు స్వరం పట్టుకునేవాడని శిష్యులు చెప్పుకున్నారు. తప్పు వాయించినవాణ్ని బయటికి పంపేవాడు, మర్నాడు మళ్లీ రానిచ్చేవాడు. జానీ గ్రిఫిన్ అనే కుర్రాడు శాక్సఫోన్ కావాలని వస్తే ముందు క్లారినెట్ చేతికిచ్చాడు. ఆ కుర్రాడు స్కూలు అయిపోయిన కొద్దిరోజులకే లయొనెల్ హాంప్టన్ బ్యాండులో ఉన్నాడు. నాట్ కింగ్ కోల్, డైనా వాషింగ్టన్, జీన్ ఆమన్స్, వాన్ ఫ్రీమన్... ఇంతమంది ఒక్క మాస్టారి గదిలో నుంచి. ఆ గదికి వాయిద్యాలు ఎక్కడివి? ఏటా 'హై జింక్స్' అని పిల్లలతో ప్రదర్శన పెట్టి, టికెట్లు అమ్మి, ఆ డబ్బుతో కొనేవాడు.

ఇటు లాస్ ఏంజిలెస్‌లో జెఫర్సన్ హైస్కూల్. తాను చదివిన స్కూల్లోనే 1936లో మాస్టారుగా చేరాడు శామ్యూల్ బ్రౌన్. ఆ నగరం హైస్కూళ్లలో ఉద్యోగమిచ్చిన మొదటి నల్లజాతి మాస్టార్లలో ఆయనొకడు. డెక్స్టర్ గోర్డన్ ఆయన శిష్యుడే.

ఇప్పుడు అడగండి. ఇంత చదువున్నవాళ్లు హైస్కూళ్లలో ఎందుకున్నారు? మిగతా తలుపులన్నీ మూసి ఉన్నాయి కాబట్టి. సింఫనీ ఆర్కెస్ట్రాల్లో నల్లవాడికి కుర్చీ లేదు. షికాగోలో వాద్యకారుల యూనియన్లు కూడా తెల్లది వేరు, నల్లది వేరు. 1966 దాకా కలవలేదు. ఆర్కెస్ట్రాలో కూర్చోవాల్సిన మనిషి పదిహేనేళ్ల పిల్లల ముందు నిలబడ్డాడు. ఆ పిల్లలకు మేలే జరిగింది, కానీ అది అన్యాయంలో నుంచి పిండుకున్న మేలు. వివక్ష ఉన్నప్పుడే బాగుండేదని ఎవరైనా అంటే నమ్మకండి.

వివక్ష మీద గెలిచినప్పుడు ఏం జరిగిందో కూడా చూడాలి. 1954లో బ్రౌన్ కేసు తీర్పు వచ్చింది. నల్లపిల్లలను తెల్లపిల్లలను ఒకే స్కూల్లో చదివించాలన్నారు. దక్షిణాది రాష్ట్రాల్లో పిల్లలను కలిపారు, మాస్టార్లను తీసేశారు. 1965 నాటికి 17 రాష్ట్రాల్లో దాదాపు 38,000 మంది నల్లజాతి టీచర్లు, హెడ్మాస్టర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారని అంచనా. పిల్లవాడికి సీటు దొరికింది, వాణ్ని నమ్మే మాస్టారు పోయాడు. రిజర్వేషన్ సీటులో చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ క్లాసులో మీవైపు నిలబడే మాస్టార్లు ఎంతమందో లెక్కపెట్టుకోండి. నేను చెప్పేది అర్థమవుతుంది.

తర్వాత కళల హైస్కూళ్లు వచ్చాయి. డాలస్‌లో 1892లో 'కలర్డ్ హైస్కూల్'గా మొదలైన బడి, 1922లో బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్ అయింది. 1976లో అదే బడి కళల హైస్కూల్‌గా మారింది. రాయ్ హార్గ్రోవ్, ఎరికా బాడూ, నోరా జోన్స్ అక్కడ చదివినవాళ్లే. న్యూ ఆర్లీన్స్‌లో ఇలాంటిదే 'నోకా' పెట్టారు. పిల్లలు సగం పూట మామూలు స్కూలుకు, సగం పూట ఇక్కడికి. 1974లో అక్కడ జాజ్ నేర్పడానికి చేరాడు ఎలిస్ మార్సాలిస్. వాళ్ల నాన్న మోటల్ నడిపేవాడు. తెల్లవాళ్ల హోటళ్లలో గది దొరకని నల్లవాళ్లు, మార్టిన్ లూథర్ కింగ్ సహా, అక్కడ దిగేవాళ్లు. ఎలిస్ పిల్లల చేత రికార్డులు వినిపించి, విన్నదాన్ని స్వరం స్వరం రాయించేవాడు. ఆయన కొడుకులు వింటన్, బ్రాన్‌ఫర్డ్, ఇంకా టెరెన్స్ బ్లాంచార్డ్, డోనాల్డ్ హారిసన్ ఆ క్లాసులో కూర్చున్నారు. 2020 ఏప్రిల్ 1న కోవిడ్‌తో ఎలిస్ పోయాడు. ఒకప్పుడు స్కూలు గుమ్మం బయట ఆగిన జాజ్, ఆయన కాలానికి సిలబస్‌లో ఉంది, నేర్పేవాడికి జీతముంది. రెంటినీ కొట్లాడి తెచ్చుకున్నారు.

మన సంగతికి వద్దాం. విజయనగరంలో సంగీత కళాశాల 1919లోనే మొదలైంది. వందేళ్లు దాటింది. మీ ఊరి హైస్కూల్లో, మీరు చదివిన గురుకులంలో డప్పు నేర్పే పర్మనెంట్ మాస్టారున్నాడా? బ్యాండు మాస్టారున్నాడా? మంత్రిగారొస్తే డప్పు కావాలి, రిపబ్లిక్ డేకి డప్పు కావాలి. పోస్టు మాత్రం అక్కర్లేదు. ఎందుకంటే మీకు పుట్టుకతోనే వస్తుంది! పుట్టుకతో వచ్చేదానికి జీతమెందుకు, గదెందుకు, వాయిద్యమెందుకు? ఆ పొగడ్త వెనకున్న లెక్క ఇదీ. అందుకే రక్తం మాట మన నోట రాకూడదంటున్నాను. డప్పు కాగబెట్టడం ఒక విద్య. సిర్ర, చిటికెన పుల్ల పట్టడం ఒక విద్య. ఎవరో నేర్పితే వచ్చింది, ఏళ్లు పడితే వచ్చింది.

మావయ్య సంగతి సగంలో వదిలాను. ఆయనకు చివరికి స్వరం చదవడం నేర్పింది మిలిటరీ బ్యాండులో చేసి రిటైరైన మా పేట పెద్దాయన. కూలి నుంచి వచ్చాక రోజూ రాత్రి, చర్చి అరుగు మీద, రెండేళ్లు. డయెట్‌లాంటివాడే. కాకపోతే ఈయనకు బడి లేదు, జీతం లేదు. తర్వాత మావయ్య పేటలో పదకొండు మంది కుర్రాళ్లకు నేర్పాడు. వాళ్లలో నలుగురు ఈ రోజుకీ ఆ పని మీదే బతుకుతున్నారు.

మీకో పని చెబుతున్నాను. మీ పేటలో డప్పు, సన్నాయి, బ్యాండు నేర్పిన మనిషి ఎవరో కనుక్కోండి. ఆయనకు ఎవరు నేర్పారో, ఆయన ఎవరెవరికి నేర్పాడో, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకానో, ఏమన్నా ఇచ్చారో లేదో రాసి పెట్టండి. పెద్దవాళ్లు ఉండగానే అడగండి. రేపు పోస్టుల కోసం కలెక్టరాఫీసు ముందు కూర్చున్నప్పుడు ఆ కాగితాలు మన చేతిలో ఉండాలి.

వచ్చే భాగంలో చర్చి హార్మోనియం గురించి రాస్తాను.